పిడుగు ఫొటోను పోటీకి పంపే ముందు: పనికొచ్చే అభిప్రాయం రాబట్టుకోవడానికి విశాఖ ఔత్సాహికులకు సమగ్ర మార్గదర్శి

పిడుగు ఫొటో ఎవరికి చూపించినా ముందు వచ్చే మాట ‘అబ్బ!’. డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా సముద్రంలోకి దిగిన మెరుపును చూసి పెదవి విరిచేవారు ఎవరుంటారు? అయితే ఆ మెచ్చుకోలు ఆకాశానికి చెందినది. ఫొటో తీసినవారి పనితనం ఎంతో ఆ మాట చెప్పదు. పోటీలో న్యాయనిర్ణేతల ముందుకు అలాంటి మెరుపులు చాలానే వస్తాయి. మెరుపు ఉన్నందుకే మార్కులు వేసే దశను వాళ్లు ఎప్పుడో దాటి ఉంటారు. కాబట్టి మెరుపు తళుకును కాసేపు పక్కన పెట్టి, మిగిలిన ఫ్రేమును చూడగలిగే కళ్లు మనకు పోటీకి ముందే కావాలి. అలాంటివారిని ఎక్కడ వెతకాలి, ఏమని అడగాలి, వాళ్లు చెప్పినదాన్ని ఏం చేసుకోవాలి అన్నది ఈ వ్యాసంలో ఒక్కో మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: నిబంధనలు చదివాకే ఎవరినైనా అడగండి

ఇది విసుగు పుట్టించే పని. అయినా ఇక్కడే మొదలుపెట్టాలి. ఏ విభాగానికి పంపుతున్నారో తెలియకుండా అభిప్రాయం అడిగితే, చెప్పేవారు తమకు నచ్చిన విభాగాన్ని ఊహించుకుని చెబుతారు. పిడుగు ఫొటో విషయంలో ఆ తేడా చాలా పెద్దది.

ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ గుర్తింపుతోనో, అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్ గుర్తింపుతోనో జరిగే సలాన్లలో, అంటే పోటీ ప్రదర్శనల్లో, ‘నేచర్’ (ప్రకృతి) అనే విభాగం ఉంటుంది. ఫియాప్, అమెరికా ఫొటోగ్రఫీ సంఘం పీఎస్ఏ వంటి సంస్థలు అనుసరించే నిర్వచనం ప్రకారం ఆ విభాగంలో మనుషులు, మనిషి కట్టినవి ఫ్రేములో కనిపించకూడదు. ప్రకృతి శక్తుల ప్రతాపాన్ని చూపే సందర్భాలకు కొంత సడలింపు ఉంది. ఇప్పుడు మన ఊరి ఫొటో సంగతి చూడండి. ఆర్కే బీచ్ నుంచి దక్షిణంగా తీస్తే పోర్టు క్రేన్లు, లంగరేసిన ఓడల దీపాలు, కొండమీది లైట్‌హౌస్ తప్పకుండా వస్తాయి. ఆ చిత్రం ఏ విషయం మీదైనా రంగుల ఫొటో పంపగల ఓపెన్ కలర్ విభాగంలో చక్కగా నిలబడుతుంది. నేచర్‌లో పెడితే చర్చకు దారి తీస్తుంది. ఈ నిర్ణయం మీరు తీసుకున్నాక అడిగితే, ‘ఆ క్రేన్లు బాగున్నాయి’ అన్న మాటకూ ‘ఆ క్రేన్లు అడ్డం’ అన్న మాటకూ ఒక అర్థం ఉంటుంది.

రెండోది, ఫ్రేముల కలయిక. షట్టరు 30 సెకన్లు తెరిచి ఉంచితే ఆ వ్యవధిలో మూడు మెరుపులు పడ్డాయనుకోండి, అది ఒకే ఎక్స్‌పోజరు, నికార్సైన ఒకే చిత్రం. అరగంటలో తీసిన పది ఫ్రేముల్లోని మెరుపులను కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి వేస్తే అది మిశ్రమ చిత్రం. రెండూ చూడటానికి ఒకేలా ఉండవచ్చు. నేచర్ విభాగంలో రెండోది చెల్లదు. గెలిచినవారిని రా ఫైలు (కెమెరా నమోదు చేసిన, మార్పులు చేయని అసలు ఫైలు) చూపించమని చాలా పోటీలు అడుగుతాయి. ఈ విషయంలో నాకు గట్టి పట్టుదలే ఉంది, దానికి కారణం చరిత్రలో దొరుకుతుంది. 1882లో ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ మెరుపును ఫొటో తీసేదాకా చిత్రకారులు దాన్ని రంపపు పళ్ల గీతలా వంకరటింకరగా గీసేవారు. వేర్లలా పాయలు చీలే దాని అసలు రూపాన్ని పట్టి చూపించింది కెమెరా. మెరుపు గురించి నిజం చెప్పడంతో మొదలైన కళ ఇది. మిశ్రమ చిత్రం చేసుకోండి, దాన్ని అనుమతించే విభాగానికి, ఆ సంగతి చెప్పి పంపండి. అభిప్రాయం అడిగేటప్పుడు కూడా ముందే చెప్పండి.

మూడోది, ఎక్కడా ప్రచురించని ఫొటోలే కావాలని కొన్ని పోటీలు అంటాయి. ఆ నిబంధన ఉంటే ఫొటోను నలుగురికీ కనిపించేలా ఎక్కడా పెట్టకుండా, విడివిడిగా మనుషులకు చూపించి అడగాలి. ఆ పోటీకి న్యాయనిర్ణేతగా ఉన్నవారికి మాత్రం చూపించవద్దు. అది వాళ్లనూ ఇబ్బందిలో పెడుతుంది, మీ ఫొటోనూ పోటీ నుంచి తప్పించవచ్చు.

రెండో మెట్టు: మీకే కనిపించే లోపాలను మీరే ఏరేయండి

ఎదుటివారి సమయం విలువైనది. మీరు పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోయే లోపాన్ని చెప్పడానికి వాళ్లను వాడుకోవద్దు. ఫొటోను కంప్యూటర్లో పూర్తి పరిమాణానికి పెంచి, ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూల దాకా అంగుళం అంగుళం చూడండి.

మెరుపు నడిమి తీగ తెల్లగా మాడిపోయి, లావుగా, అంచులు లేకుండా కనిపిస్తోందా? చాలామంది దీనికి షట్టరును తప్పుపడతారు. ఒక మెరుపు మొత్తంగా సెకనులో కొంత భాగమే ఉంటుంది. అందులో ఒక్కో విద్యుత్ ఘాతం వెలుగు ఇంకా ఎన్నో రెట్లు తక్కువ సేపు ఉంటుంది. షట్టరు 10 సెకన్లు తెరిచినా 25 సెకన్లు తెరిచినా ఆ తీగ వెలుగు మారదు. దాన్ని నిర్ణయించేవి అపెర్చరు (లెన్సు రంధ్రం; ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ చిన్నదవుతుంది), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) రెండే. షట్టరు వ్యవధి మార్చేది చుట్టూ ఉన్న ఊరి వెలుగును, మబ్బుల వెలుగును. ఈ తేడా తెలిసి ఉంటే, ‘మెరుపు మాడిపోయింది’ అని ఎవరైనా చెప్పినప్పుడు ఈసారి ఏం మార్చాలో మీకు తెలుస్తుంది. దూరపు మెరుపుకు ఐఎస్ఓ 100 లేదా 200 పెట్టి ఎఫ్ 5.6 దగ్గర మొదలుపెట్టవచ్చు. దగ్గరి మెరుపుకు ఎఫ్ 11 దాకా మూయాల్సి రావచ్చు.

కదలిక సంగతి విశాఖలో కొంచెం జాగ్రత్తగా తేల్చుకోవాలి. బీచ్ రోడ్డు గాలికి ట్రైపాడు వణుకుతుంది. లంగరేసిన ఓడలేమో అలలకు ఊగుతాయి. సముద్రంలో ఓడల దీపాలు కాస్త అలుక్కుపోయి, కొండమీది దీపాలు చుక్కల్లా స్పష్టంగా ఉంటే మీ ట్రైపాడు బాగానే నిలబడినట్టు. కొండమీది దీపాలు కూడా సాగిపోతే ట్రైపాడు కదిలినట్టు. మెరుపు ఒక్కటే పక్కపక్కనే రెండు మూడు తీగలుగా కనిపించి, దీపాలు నిశ్చలంగా ఉంటే అది లోపం కానే కాదు. ఒకే దారిలో వరసగా ఘాతాలు వస్తుంటే ఈదురుగాలి ఆ దారిని పక్కకు నెట్టడం వల్ల అలా రిబ్బను పరిచినట్టు కనిపిస్తుంది. అరుదైన దృశ్యం అది. తెలియనివాళ్లు షేక్ అయిందని అంటారు, మీరు తొందరపడి పక్కన పడేయవద్దు.

లెన్సు ముందు ఫిల్టరు ఉంటే మెరుపుకు ఎదురుగా మసక ప్రతిబింబం ఒకటి తిరగబడి కనిపించవచ్చు, వెతకండి. ఏసీ గదిలోంచి కెమెరాను బయటి ఉక్కపోతలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టి దీపాల చుట్టూ వెలుగు పొగలా విచ్చుకుంటుంది. ఉప్పుగాలి పొర కూడా దాదాపు అలాగే చేస్తుంది. ఇక సముద్రపు అంచు గీత. కొండల మధ్య తీసిన ఫొటోలో కొంచెం వంపు చెల్లిపోతుంది. సముద్రం ఉన్నచోట అర డిగ్రీ వాలినా కంటికి తగులుతుంది. సరిచేయడం తేలిక, కాబట్టి ఆ లోపంతో ఎవరికీ పంపకండి.

రంగు గురించి ఒక మాట. మెరుపు దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఆ వెలుగు నీలితెలుపు. వానతెర, ధూళి మధ్యనుంచి వస్తే ఎర్రబారుతుంది. రంగు ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ మీటతో ఆకాశాన్ని వంకాయరంగులోకి లాగేయడం చాలామందికి అలవాటైపోయింది. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత నగరంలో వీధిదీపాలు ఎల్ఈడీలకు మారాయి కనుక, కింద రోడ్డు దీపాలు తెల్లగా ఉన్నాయో లేదో చూస్తే మీరు రంగును ఎంత దూరం లాగారో తెలిసిపోతుంది.

ఇంకో పరిశీలన మన ఊరికే ప్రత్యేకం. ఇది తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం. డాల్ఫిన్ నోస్ వైపు, రేవు వైపు పెట్టిన ఫ్రేముల్లో యుద్ధనౌకలు, నౌకాదళ కట్టడాలు పడ్డాయేమో చూసుకోండి. నిషేధిత ప్రాంతాలున్న చిత్రాన్ని ఎంత బాగున్నా ఎవరికీ పంపవద్దు.

మూడో మెట్టు: ఎన్ని ఫొటోలు, ఏ రూపంలో

నాలుగుకు మించి పంపకండి. ఒక రాత్రి వందల ఫ్రేములు తీసి ఉంటారు, అందులో మెరుపు ఉన్నవి ఇరవై ఉండవచ్చు. ఆ ఇరవై పంపి ‘ఏది బాగుంది?’ అంటే ఎంపిక చేసే కష్టమంతా ఎదుటివారి నెత్తిన పెట్టినట్టే. ఒకే మెరుపును రెండు రకాలుగా కత్తిరించిన రూపాలు ఉంటే వాటిని జంటగా చూపించండి. పోల్చి చెప్పమంటే ఎంత మొహమాటస్థుడైనా ఏదో ఒకటి చెప్పక తప్పదు.

వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే అది ఫైలును నలిపేస్తుంది. చీకటి ఆకాశంలో మెల్లగా మారాల్సిన వెలుగు మెట్లు మెట్లుగా విడిపోతుంది. చూసినవారు ‘ఆకాశంలో చారలున్నాయి’ అంటారు, మీ అసలు ఫైలులో ఆ చారలే ఉండవు. డాక్యుమెంటుగా పంపండి లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. ఫోనులో చూసేవారు స్క్రీను వెలుగు ఎంత పెంచుకున్నారో మీకు తెలియదు. ఈ రకం చిత్రంలో మూడొంతులు చీకటే కనుక ఆ తేడా మరీ ఎక్కువ. వీలైతే ల్యాప్‌టాప్‌లో చూడమని అడగండి.

అన్నిటికంటే మేలైనది ప్రింటు. నగరంలో ఏ మంచి కలర్ ల్యాబులోనైనా 8×12 మ్యాట్ ప్రింటు తీయించుకోండి. స్క్రీను మీద దాగిన లోపాలు కాగితం మీద బయటపడతాయి. ముఖ్యంగా నీడలను బలవంతంగా వెలిగించినచోట రంగురంగుల ఇసుక చల్లినట్టు నాయిస్ కనిపిస్తుంది. ప్రింటు చేతిలో పెడితే మనిషి చూసే తీరే మారిపోతుంది. దగ్గరికి తెచ్చుకుంటారు, దూరం పెడతారు, వేలు పెట్టి చూపిస్తారు. ఆ వేలు ఎక్కడ ఆగిందో గమనించండి.

నాలుగో మెట్టు: ఎవరిని అడగాలి

ఇంట్లోవాళ్లకు చూపించండి, సంతోషపడండి. ఎంపికకు మాత్రం వాళ్లను లెక్కలోకి తీసుకోకండి. మీరు వానలో ఎంతసేపు కిటికీ దగ్గర కాపలా కాశారో వాళ్లు చూశారు. ఆ కష్టానికి వాళ్లు మార్కులు వేస్తారు. న్యాయనిర్ణేతకు ఆ కష్టం కనిపించదు.

మీకు నలుగురు కావాలి, నలుగురూ నాలుగు రకాలవారై ఉండాలి.

ఒకరు పోటీలకు పంపిన అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లోనో, భీమిలి రోడ్డులోనో ట్రైపాడుతో కనిపించేవారితో పరిచయం చేసుకోండి. ఫొటో ప్రదర్శనలకు వెళ్లి నిర్వాహకులతో మాట్లాడండి. పిడుగులు తీసినవారే కానవసరం లేదు. నిజానికి పిడుగులు ఎప్పుడూ తీయనివారు మేలు, ఎందుకంటే ‘నాకైతే ఇంతకంటే పెద్దది దొరికింది’ అన్న పోలిక వాళ్లకు రాదు.

రెండోవారు కెమెరా గొడవ పట్టని బొమ్మల మనిషి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలిత కళల విభాగం ఉంది. అక్కడ చదువుతున్న విద్యార్థో, చదువు ముగించి డ్రాయింగు నేర్పుతున్న మాస్టారో దొరికితే వదలకండి. ఎఫ్ నంబరు ఎంత అని వాళ్లు అడగరు. బరువు ఎటు ఉంది, ఖాళీ ఎక్కడ ఊపిరాడుతోంది, చూపు ఎటునుంచి ఎటు పోతోంది అన్నవి చెబుతారు. పిడుగు ఫొటోలకు దొరికే విమర్శల్లో ఇంత విలువైనది ఇంకొకటి లేదన్నది నా గట్టి అభిప్రాయం. మెరుపు ఎక్కడ పడాలో మనం నిర్ణయించలేం, కానీ దాని చుట్టూ ఎంత ఉంచాలో నిర్ణయించగలం. ఆ నిర్ణయానికి కావలసిన చూపు వాళ్ల దగ్గర ఉంటుంది.

మూడోవారు వాతావరణం తెలిసినవారు. అదే విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. తుఫాను హెచ్చరికల కేంద్రం ఉన్న నగరం మనది. ఆ రంగంలో చదువుకున్నవారు మీ పరిచయాల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. లేకపోతే ఒక ఫిజిక్స్ లెక్చరర్ చాలు. ఇది నేలకు దిగిన పిడుగా, మబ్బులోపలే పాకిన మెరుపా, పాయలు కిందికి చీలాయా పైకా అన్నది వాళ్లు చెబుతారు. పాయలు పైకి విచ్చుకుని ఉంటే అది ఎత్తైన టవరు వంటి చోటునుంచి ఆకాశానికి ఎగసిన మెరుపు కావచ్చు. అలాంటిది మీ దగ్గర ఉండి కూడా మీకు తెలియకపోతే, శీర్షికలోనూ వివరణలోనూ మంచి అవకాశం చేజారుతుంది.

నాలుగోవారు ఆ చోటు తెలిసినవారు. సముద్రం మీద తీసిన ఫొటో అయితే జాలారిపేటలోనో ఫిషింగ్ హార్బర్‌లోనో ఒక పెద్దాయనకు చూపించండి. ఆ మబ్బు ఏ గాలికి వచ్చిందో, ఆ వెలుగు ఓడదా బోటుదా అన్నది ఆయన చెప్పగలడు. ఈ ఫొటో ఆయనకు అందంగా కనిపించకపోవచ్చు. వేటకు వెళ్లినవాళ్లకు పిడుగంటే ప్రాణభయం. ఆ మాట విన్నాక మీరు పెట్టాలనుకున్న తేలికపాటి శీర్షిక మీకే నచ్చదు.

ఐదో మెట్టు: ఏమని అడగాలి

‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబు వస్తుంది. మన మర్యాద అలాంటిది. ఆ మర్యాదకు భంగం కలగకుండా నిజం చెప్పే వీలు మీరే కల్పించాలి. అందుకు చిన్నవిగా, వేలు పెట్టి చూపించదగినవిగా ప్రశ్నలు ఉండాలి. నేను వాడే ప్రశ్నలు ఇవి:

1. మెరుపు తర్వాత మీ కన్ను ఎక్కడికి వెళ్లింది? అక్కడ ఆగిందా, ఫ్రేము బయటికి జారిపోయిందా?
2. మెరుపును చేత్తో మూసి చూడండి. మిగిలిన చిత్రంలో చూడటానికి ఏమైనా ఉందా?
3. ఒక పక్క కత్తిరించాల్సి వస్తే ఏ పక్క కత్తిరిస్తారు?
4. రంగు నమ్మేలా ఉందా?
5. ఈ నాలుగింటిలో ఒకటి తీసేయాలి. ఏది?

రెండో ప్రశ్న మిగతావాటికి ప్రాణం. మెరుపును మూసినప్పుడు నల్లటి ఖాళీ మాత్రమే మిగిలితే ఆ ఫొటో బరువంతా అదృష్టం మీదే నిలబడి ఉంది. తడిసిన బీచ్ రోడ్డు మీద వెలుగు జాడ, కైలాసగిరి నల్లటి అంచు, దూరంగా ఒక్క ఓడ దీపం, ఇలా ఏదో ఒకటి మిగిలితే మీ చూపు అందులో ఉంది. ఐదో ప్రశ్న మొహమాటాన్ని గెలిచే ఉపాయం. ఒకటి బాగాలేదని చెప్పడానికి ఇబ్బందిపడేవారు కూడా ఒకటి తీసేయమంటే తీసేస్తారు. ఆ తర్వాత ‘ఎందుకండీ?’ అని అడిగితే అసలు విమర్శ బయటికి వస్తుంది.

ఫొటో చూపించగానే మాట్లాడకండి. ఎక్కడ తీశారో, ఎంతసేపు కాచుకున్నారో చెప్పకండి. న్యాయనిర్ణేత మొదటి వడపోతలో ఒక్కో చిత్రానికి కొన్ని సెకన్లే కేటాయిస్తాడు, పక్కన మీరు ఉండి కథ చెప్పరు. ముందు ఐదారు సెకన్లు చూపించి, ఫొటో పక్కకు తీసి, ‘ఏం గుర్తుంది?’ అని అడగండి. తర్వాత తీరిగ్గా చూడనివ్వండి.

పరిచయం తక్కువ ఉన్న పెద్దవారికి రాయాల్సి వస్తే ఇలా రాయవచ్చు:

‘నమస్కారం మాస్టారూ. పిడుగుల ఫొటోలు మూడు ఒక ఔత్సాహికుల పోటీకి, ఓపెన్ కలర్ విభాగానికి పంపాలనుకుంటున్నాను. గడువు ఇంకా మూడు వారాలు ఉంది. మూడూ ఒకే ఎక్స్‌పోజరులో వచ్చినవి. వీటిలో ఒకటి తీసేయాలంటే ఏది తీసేస్తారో, మొదటిదాంట్లో ఎడమవైపు దీపాలు అడ్డమనిపిస్తున్నాయో లేదో చెబితే చాలు. మీకు వీలున్నప్పుడే చూడండి. కటువుగా చెప్పినా ఏమీ అనుకోను, నేర్చుకోవడానికే అడుగుతున్నాను.’

విభాగం, గడువు, ఒకే ఎక్స్‌పోజరు అన్న మాట, రెండే ప్రశ్నలు. ఇంత స్పష్టంగా అడిగితే పనిమీద ఉన్నవారు కూడా జవాబు రాస్తారు. గడువుకు రెండు రోజుల ముందు అడగడం మాత్రం అన్యాయం. వాళ్లు చెప్పినదాన్ని చేయడానికి మీకు సమయం ఉండదని వాళ్లకూ తెలుసు కాబట్టి పైపైన చెప్పి ఊరుకుంటారు.

ఆరో మెట్టు: విన్నదాన్ని వేరుచేయడం

విమర్శ వింటున్నప్పుడు సమాధానం చెప్పకండి. ‘అది కాదండీ, అప్పుడు గాలి...’ అని మొదలుపెడితే ఎదుటివారు ఆగిపోతారు. రాసుకోండి, లేదా అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి. రాసుకునేటప్పుడు వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ‘కాంపోజిషన్ బాగోలేదు’ అని మీరు కుదించి రాసుకుంటే, ‘కుడివైపు ఏదో బరువుగా వేలాడుతోంది’ అన్న వాళ్ల అసలు మాట పోతుంది. పనికొచ్చేది ఆ అసలు మాటే.

తర్వాత మూడు కుప్పలు వేయండి. ఇప్పుడు సరిచేయగలిగినవి: కత్తింపు, రంగు, వాలు, నాయిస్. ఈ ఫ్రేములో సరిచేయలేనివి: మాడిన మెరుపు, కదిలిన కెమెరా, తప్పిన ఫోకస్. ఇవి మళ్లీ తీసేటప్పటికి పాఠాలు. మూడోది, చెప్పినవారి అభిరుచి.

నలుగురు చెప్పినవి ఒకదానితో ఒకటి పొసగకపోవడం మామూలే. ఒక ఉదాహరణ అనుకుందాం. తెన్నేటి పార్కు వైపునుంచి సముద్రం మీద పడిన మెరుపు, ముందు నల్లటి రాళ్లు, ఎడమ అంచున ఒక తెల్లటి దీపం. ఫొటోగ్రాఫర్ రాళ్లను ఇంకా వెలిగించమన్నారు. బొమ్మలు వేసే ఆయన ఆ నలుపే బాగుంది, తాకవద్దన్నారు. ఇద్దరూ వేరువేరు పరిష్కారాలు చెప్పారు గానీ, ఇద్దరి కళ్లూ రాళ్ల దగ్గరే ఆగాయి. కాబట్టి అక్కడ ఏదో ఉంది. మళ్లీ చూస్తే, ఆ నలుపులో ఒకచోట మాత్రం నీడలు సగం వెలిగి బురదరంగులో ఉన్నాయని తెలియవచ్చు. ఆ సగం వెలుగును తీసేసి పూర్తి నలుపు చేస్తే ఇద్దరి ఇబ్బందీ తీరుతుంది. మనుషులు లోపం ఉన్న చోటును సరిగ్గా పట్టుకుంటారు. మందు చెప్పడంలో మాత్రం తమ అలవాటుకు పోతారు. చోటును నమ్మండి, మందు మీరే వెతుక్కోండి.

ఎడమ అంచున దీపం సంగతి అలా కాదు. ఇద్దరు వేరువేరుగా, అడగకుండానే దాన్ని ఎత్తిచూపారంటే కత్తిరించాల్సిందే. కత్తిరిస్తే మెరుపు ఫ్రేము మధ్యకు వస్తుందే అని బాధ కలిగితే, రెండు రూపాలూ తీసుకుని మూడోవారి దగ్గరికి వెళ్లండి. దీపాన్ని ఎడిటింగులో చెరిపేద్దామన్న ఆలోచన వస్తే ముందు నిబంధనలు మళ్లీ చదవండి. నేచర్ విభాగంలో ఉన్న వస్తువును తీసేయడం కూడా నిషిద్ధమే.

మార్పులు చేశాక ఫొటోను రెండు మూడు రోజులు చూడకుండా పక్కన పెట్టండి. తర్వాత అసలు రూపం, మార్చిన రూపం పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. మొదట చెప్పినవారికి మార్చినది ఒకసారి పంపించి కృతజ్ఞత చెప్పండి. తమ మాట ఏమైందో తెలుసుకున్నవారు మరోసారి ఇంకా శ్రద్ధగా చూస్తారు.

ఏడో మెట్టు: మళ్లీ తీయమంటే

చాలాసార్లు నిజాయితీ గల అభిప్రాయం ఇలాగే ముగుస్తుంది: ‘ఇది సరిపోదు, ఇంకోటి తీయి.’ అప్పుడు మన వాతావరణం తెలిసి ఉండాలి. విశాఖకు మంచి కాలాలు రెండు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండకు తూర్పు కనుమల మీద మబ్బులు పేరుకుని సాయంత్రానికి తీరం వైపు వస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మళ్లీ ఉరుముల వానలు. మబ్బు నేలవైపునుంచి వచ్చే రోజున బీచ్‌లో నిలబడితే అది మీ వెనక ఉంటుంది. సింహాచలం కొండలవైపు కిటికీ ఉన్న మేడ అప్పుడు ఉపయోగపడుతుంది. వాన నగరం దాటి సముద్రం మీదికి పోయాక గాలి కడిగినట్టు ఉంటుంది. దూరాన మబ్బులో మెరుపులు కొనసాగుతాయి. తీరం వైపు కిటికీ ఉన్నవారికి అదే అసలైన సమయం.

కెమెరాను ట్రైపాడు మీద బిగించి, దూరపు దీపం మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి వదిలేయండి. లెన్సులో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపండి. దీర్ఘ ఎక్స్‌పోజరు నాయిస్ తగ్గింపు కూడా ఆపండి, లేకపోతే ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా అంతే సేపు కళ్లు మూసుకుంటుంది. ఇంటర్వెలోమీటరుతో (షట్టరును తనంతట తానే నొక్కుతూ పోయే పరికరం) వరసగా తీయనివ్వండి. గదిలో దీపాలు ఆర్పేయండి.

జాగ్రత్త విషయంలో బేరాలు లేవు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే అది పది కిలోమీటర్లలోపే ఉంది, వెంటనే పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రాకూడదు. వాన పడుతున్న చోటునుంచి పది కిలోమీటర్లకు పైగా దూరంలో కూడా పిడుగు పడవచ్చు. అందుకే నెత్తిమీద ఆకాశం నిర్మలంగా ఉందన్న ధీమా పనికిరాదు. కైలాసగిరి పైన, యారాడ కొండ మీద, ఖాళీ ఇసుకలో, చెట్టు కింద, డాబా మీద ట్రైపాడు పక్కన నిలబడవద్దు. కెమెరాను కిటికీ దగ్గర పెట్టి రిమోటుతో గది లోపలే ఉండండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ఫోనులో పెట్టుకోండి. ‘బీచ్‌లోకి దిగి తీస్తే ఇంకా బాగుండేది’ అన్న సలహా ఎవరిచ్చినా, ఎంత పెద్ద ఫొటోగ్రాఫర్ ఇచ్చినా తీసుకోకండి.

ఎనిమిదో మెట్టు: శీర్షిక, వివరణ, పంపడం

‘ప్రకృతి ఆగ్రహం’, ‘ఆకాశ తాండవం’ వంటి శీర్షికలు న్యాయనిర్ణేతలు విని విని ఉన్నారు. ‘ఫిషింగ్ హార్బర్, వాన వెలిశాక’ వంటి సాదా శీర్షిక చూసేవారికి చోటును, సమయాన్ని ఇస్తుంది. శీర్షికను కూడా ఒకరిద్దరికి చదివి వినిపించండి. వివరణ అడిగితే తేదీ, చోటు, ఎక్స్‌పోజరు, ఒకే ఫ్రేమా కాదా అన్నవి రాయండి. మెరుపు రకం వాతావరణం తెలిసినవారు నిర్ధారించాకే రాయండి.

ఫైలును స్క్రీన్లకు వాడే రంగుల ప్రమాణం ఎస్ఆర్‌జీబీలోకి మార్చి, నిబంధన చెప్పిన కొలతకు తగ్గించి, ఆ తగ్గించిన రూపాన్ని మళ్లీ ఒకసారి తెరిచి చూడండి. సన్నని పాయలు కుదింపులో మాయమవుతాయి. కొద్దిగా షార్ప్ చేయాల్సి రావచ్చు, ఎక్కువైతే తీగ చుట్టూ నల్లటి గీత పుడుతుంది. ఫైలు పేరులో మీ పేరు ఉండకూడదన్న నిబంధన ఉందేమో చూడండి. రా ఫైలును రెండు చోట్ల దాచండి. ఫలితాలు వచ్చాక, ఎంపికైనా కాకపోయినా, మార్కులో వ్యాఖ్యలో ఇస్తారేమో నిర్వాహకులను అడగండి. ఇస్తే వాటిని మీ నలుగురి మాటలు రాసుకున్న పుస్తకంలోనే, అదే ఫొటో కింద రాసుకోండి. ఎవరి కన్ను న్యాయనిర్ణేతల కన్నుకు దగ్గరగా ఉందో, వచ్చే ఏప్రిల్‌లో మొదట ఎవరి తలుపు తట్టాలో ఆ పుటే చూపిస్తుంది.